వినకుండా అన్న ఆమేన్

గోదావరిఖని
జూన్, ఆదివారం

జశ్వంత్ అనే అబ్బాయికి,

దీప తాత సదయ్య రాస్తున్నది. నీ క్షేమం అడగను. నువ్వు బాగానే ఉన్నావని పోయిన వారం నా కండ్లతోనే చూశాను. నా ఇంటికి వచ్చావు, చెప్పులు బయట విడిచావు, నా మనుమరాలి పక్కన కూర్చుని చాయ్ తాగావు. నా చెవి దగ్గర నోరు పెట్టి చాలాసేపు ఏదో చెప్పావు. ఒక్క ముక్క వినపడలేదు. బొగ్గుబాయిలో డ్రిల్లు మిషను పట్టి పట్టి నా చెవులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు పేలినా నాకు మంచం కోడు అదిరితేనే తెలుస్తుంది. ఆ రోజు నేను తల ఊపింది దీప మొహం చూసి. నీ మాటకు ఒప్పుకున్నానని సంబరపడకు.

ఫోను చేయకు. ఉత్తరం రాయి. నేను బాయిలో చేరినంక, బైబిలు వాక్యం చదువుకోవాలని సాయంత్రం బడికి పోయి అక్షరాలు దిద్దినవాణ్ణి. నా రాత వంకర. చదవడం కష్టమైతే కష్టపడు.

సంగతి ఏమిటంటే, మా పాస్టరు నిన్న నవ్వుకుంటూ వచ్చాడు. నాకు పెదవులు తెలిసేటట్టు ఎదురుగా నిలబడి మెల్లగా అన్నాడు: "సదయ్యన్నా, జ్యోతినగర్ ఇంజినీరు కొడుకు బాప్తిస్మం తీసుకుంటనన్నడు. వానలు పోయినంక గోదావరిల ముంచుదాం. డిసెంబరుల మన మందిరంలనే లగ్గం."

"సాక్ష్యం ఎవలు విన్నరు?" అని అడిగాను.

"అదెంతసేపన్నా! చిన్నగ చెప్పిస్త తియ్యి."

నీకు తెలిసి ఉండదు. మా ప్రార్థన మందిరంలో నీళ్లలోకి దిగే ముందు మనిషి సంఘం ఎదుట నిలబడాలి. దేవుడు తనకు ఎట్లా ఎదురయ్యాడో తన నోటితో చెప్పాలి. అది విని ఔననో కాదనో తేల్చే పెద్దను నేను. పాస్టర్లు మారారు, నేను మారలేదు. చెవులు పోయినా ఆ కుర్చీ వదల్లేదు. కాబట్టి నీ సాక్ష్యం కాగితం మీద రాసి పంపు. నిజమైతే నేనే చెయ్యి పట్టి నిన్ను నీళ్లలోకి దించుతాను. అబద్ధమైతే మందిరంలో లగ్గం లేదు. దీప ఏడ్చినా సరే.

సదయ్య


కోర్బా
జూలై

పూజ్యులు సదయ్య తాతగారికి,

జశ్వంత్ నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. బడి వదిలాక చేత్తో ఉత్తరం రాయడం నాకిదే మొదలు. ఈ కరెంటు ప్లాంటు టౌన్‌షిప్పులో పోస్టు డబ్బా ఎక్కడుందని అడిగితే మా తోటి ఇంజినీర్లు నా జ్వరం చూడబోయారు.

మా నాన్నగారు అచ్యుతరావు. మాది గుంటూరు వైపు. నాన్నగారి ఉద్యోగం వల్ల నేను జ్యోతినగర్ క్వార్టర్లలోనే పుట్టి పెరిగాను. దీపా నేనూ ఇంజినీరింగు కాలేజీలో కలిసి చదువుకున్నాం. మా ఇంట్లో పెళ్లికి అభ్యంతరం లేదు. మీ మందిరంలో చేసుకోవడానికీ లేదు.

మీరు అడిగిన సాక్ష్యం రాస్తున్నాను.

చిన్నతనంలో నాకు విషజ్వరం వచ్చింది. మందులు పనిచేయలేదు. ఇంట్లో అందరూ ఆశ వదులుకున్నారు. ఒంటరిగా పడుకుని ఉండగా ఒక చెయ్యి నా నుదుటి మీద వాలింది. దేవుడి చెయ్యి మెత్తగా ఉంటుందనుకునేవాణ్ణి. అది గరుకుగా ఉంది. ఆ చేతి గీతల్లో బొగ్గు మసి ఉంది. కష్టం చేసేవాళ్ల దేవుడు ఈయనే అని నాకు అర్థమైంది. తెల్లారేసరికి జ్వరం దిగింది. ఆనాటి నుంచి ఆ చేతిని వెతుకుతూనే ఉన్నాను. దీప ద్వారా ఆయన్ను తెలుసుకున్నాను.

మీ ఆశీస్సులు కోరుతూ,
జశ్వంత్


గోదావరిఖని
జూలై

అబద్ధాలకోరుకు,

నీ కాగితం ఒకసారి చదివాను. రెండోసారి నా వల్ల కాలేదు.

ఆ మసి చెయ్యి నా భార్య సారవ్వది. అంటే ఆమెకు ఎదురైన చెయ్యి. మా కొడుకు వీరేందర్ పుట్టినప్పుడు బాలింత జ్వరంతో మంచం పట్టి, నోట మాట పోయి, ఆ చెయ్యిని చూసి లేచింది. నాకంటే ముందు ఆమే నమ్మింది. ఏటా తాను బాప్తిస్మం తీసుకున్న దినాన మందిరంలో నిలబడి ఆ సాక్ష్యం చెప్పేది. గరుకు అనే మాట దగ్గర ఆగి, తన అరచెయ్యి నుదుటికి రాసుకుని చూపించేది. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. వీరేందర్ బిడ్డ, నా మనుమరాలు, ఆమె ఒళ్లో కూర్చుని వినేది. నువ్వు ఆ పిల్ల నోట విని నీ నుదుటికి అంటించుకున్నావు.

ఇంజినీరు క్వార్టరులో పుట్టినవాడికి జ్వరం వస్తే మసి చెయ్యి ఎక్కడి నుంచి వస్తుందిరా? మీ అమ్మ చేతికి ఉందా మసి? మీ నాన్న చేతికి ఉందా? అబద్ధం ఆడేవాడు తన ఇంటికి సరిపోయే అబద్ధమన్నా ఆడాలి.

సారవ్వ పోయినంక ఆమె చీర ఒక్కటి కూడా నేను ఎవరికీ ఇవ్వలేదు. కోడలు అడిగినా ఇవ్వలేదు. నువ్వు ఏకంగా ఆమె సాక్ష్యమే ఎత్తుకుపోయావు.

నీ కాగితం పాస్టరుకు చూపలేదు. చూపితే "మస్తుందన్నా" అంటాడు. వాడి సంగతి నాకు తెలుసు. నీ సంగతీ తెలిసింది. ఇక నాకు రాయకు.

సదయ్య


కోర్బా
ఆగస్టు

సదయ్య తాతగారికి,

రాయొద్దన్నారు. రాస్తున్నాను.

తప్పు నాది, దీపది కాదు. మీ పాస్టరుగారు నాకు వాట్సాప్‌లో ఒక నమూనా పంపారు. ఏ పాపంలో ఉన్నానో, ఎప్పుడు వెలుగు చూశానో ఖాళీల్లో నింపాలట. నాకు తాగుడు లేదు, పేకాట లేదు, పెద్ద జబ్బు కూడా చేయలేదు. నింపడానికి ఏమీ దొరకలేదు. దీపను అడిగితే నాయనమ్మ సంగతి చెప్పింది. చెబుతూ ఏడ్చింది. ఎందుకు అడిగానో ఆమెకు చెప్పలేదు. నేను విన్నవాటిలో అంత మంచిది ఇంకోటి లేదు, అందుకే రాశాను. దానికి క్షమించండి.

కానీ దొంగతనం అన్నంత మాట పడను. మా ఇంటి పద్ధతి చెబుతాను. మా నాన్న ఏ దేవుణ్ణీ నమ్మడు. అయినా పండగొస్తే అమ్మ ఇచ్చిన పంచె కట్టుకుని కొబ్బరికాయ కొడతాడు. ఎందుకు నాన్నా అంటే "మీ అమ్మ సంతోషం, నాదేం పోయింది?" అంటాడు. మా ఇంట్లో దేవుడి గురించి ఎన్నడూ గొడవ జరగలేదు. అదే పద్ధతిలో నేను దీప కోసం, మీ కోసం, ఒకసారి గోదావరిలో మునుగుతానన్నాను. నీళ్లే కదా. ఎవరికి నష్టం?

కోపం తెచ్చుకోనంటే ఇంకో మాట. ఆ రోజుల్లో మీరు షిఫ్టు దిగి మసి చేతులతోనే ఇంటికి వచ్చేవారు కదా. జ్వరంలో ఉన్న మనిషి నుదుటి మీద భర్త చెయ్యి వేసి ఉంటాడు. ఆమెకు అది దేవుడిలా అనిపించింది. ఎంత చక్కని విషయం! దానికి ఇంకా పైనుంచి ఎవరో దిగిరావడం ఎందుకు?

జశ్వంత్


గోదావరిఖని
ఆగస్టు

జశ్వంత్‌కు,

నాకు కోపం వచ్చింది. వస్తుందని తెలిసే రాశావు.

ఆ చెయ్యి నాదే అయి ఉంటుందని చదువుకున్నవాడివి నీకే తోచింది అనుకుంటున్నావా? నేను నమ్మకముందు సారవ్వతో ఆ మాటే అన్నాను. "దేవుడు లేడు, దయ్యం లేదు. నా చెయ్యే గది" అన్నాను. ఆమె పకపక నవ్వింది. "నీ చెయ్యే అయితె అది ఇంకా పెద్ద అద్భుతం గదయ్యా! పెండ్లయిన కాంచి ఎన్నడన్న నా నుదురు ముట్టినవా?" అంది. దీనికి నువ్వు జవాబు చెప్పు చూద్దాం.

నీళ్లే కదా అన్నావు. విను.

బాయి మూతి దగ్గర మైసమ్మ ఉంటుంది. దిగే ముందు ప్రతి మనిషీ మొక్కి దిగుతాడు. నేను బాప్తిస్మం తీసుకున్న తెల్లారి మొక్కకుండా నిలబడ్డాను. మా జట్టు పెద్ద బుచ్చన్న నా అంగీ పట్టుకున్నాడు. "నువ్వు మొక్కకపోతె బాయి కప్పు నీ ఒక్కని మీదనే కూలదు సదయ్యా, మా అందరి మీద కూలుతది. మా జట్టుల వద్దు" అన్నాడు. ఏ జట్టువాళ్లూ రానివ్వలేదు. నీళ్లు కారే మూలన, ఎవరూ పోని చోట డ్రిల్లు పట్టాను. నాతో ఎవరూ సద్ది పంచుకోలేదు. నా తల్లి నా ఇంట్లో నీళ్లు ముట్టకుండానే పోయింది. నీళ్లే కదా అంటావు. ఆ నీళ్లకు నేను ఇచ్చింది అది.

బుచ్చన్న మీద నాకు ఇప్పటికీ పగ లేదు. వాడు మైసమ్మకు నిజంగా భయపడ్డాడు. నేను నా దేవునికి భయపడ్డాను. ఇద్దరం తిట్టుకున్నాం, ఒకరికొకరం అర్థమయ్యాం. నువ్వూ మీ నాన్నా నాకు అర్థం కారు. మీకు ఎవరి భయమూ లేదు, అందరి ముంగటా తల వంచుతారు. కాదని కొట్లాడినవాణ్ణి నేను తట్టుకున్నాను. "నాదేం పోయింది" అనేవాడితో ఎట్లా కొట్లాడాలె? వాడి మీద చెయ్యి వేస్తే గాలి తగులుతుంది.

నీకు ముంచుడు లేదు. పాస్టరుకు చెప్పేశాను. మొహం మాడ్చుకున్నాడు. ఇంజినీర్లు వస్తే మందిరానికి పేరొస్తుందని వాడి ఆశ.

నీ లోపల నిజంగా ఏమైనా ఉంటే అది రాయి. ఏమీ లేకపోతే ఏమీ లేదని రాయి. అరువు మాటలు వద్దు.

సదయ్య


కోర్బా
సెప్టెంబరు

సదయ్యగారికి,

ఏమీ లేదు. అదే రాస్తున్నాను. నేను దేవుణ్ణి నమ్మను. మీ దేవుణ్ణీ, మా అమ్మ దేవుణ్ణీ కూడా.

మీ మాట పట్టుకుని ఇక్కడ ఒక చర్చికి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. మీ గ్రంథం తెచ్చుకుని చదివాను. కొన్నిచోట్ల ఆగిపోయాను, ఒప్పుకుంటాను. కానీ అక్కడ నాకు వినిపించింది బాధపడుతున్న మనుషుల గొంతు. అంతకు మించి ఇంకేదీ వినిపించలేదు. నమ్మాలనుకుంటే వచ్చేది కాదు నమ్మకం. నేను నీళ్లలో దిగను. మీరు దించుతానన్నా దిగను.

ఇక మీరు వినండి. నన్ను దొంగ అన్నారు, గాలి అన్నారు, మా నాన్నను కూడా లాగారు. మీ ఇంటి సంగతి మీకు తెలుసా? దీప కూడా నమ్మదు. మందిరంలో పెళ్లి అన్నది కేవలం మీ కోసం. ఊరికి వచ్చినప్పుడల్లా మందిరానికి వచ్చి కూర్చునేదీ మీ కోసమే.

ఎప్పటి నుంచో కూడా చెబుతాను. నాయనమ్మ దవాఖానలో ఉన్నప్పుడు సంఘమంతా ఉపవాసం ఉండి, ఆమె తప్పక లేస్తుందన్నారు. లేవలేదు. ఇంటి ముందు శవపెట్టె పెట్టినప్పుడు మీ పాస్టరుగారు ప్రార్థనలో ఏమన్నారో మీకు తెలియదు. "ఈ ఇంట్ల విశ్వాసం తక్కువైంది ప్రభువా, అందుకే నీ బిడ్డను లేపలేదు" అన్నారు. అక్కడున్న అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది మీరు.

దీప మీ పక్కనే నిలబడి ఉంది. మీకు వినపడలేదని ఆమెకు తెలుసు. నాతో ఒకసారి అంది: "తాతకు ఏం తెల్వదు. తెల్వకనే అన్నడు. అయినా గా గొంతు నా చెవిల నుంచి పోతలేదు. అవ్వ సావుకు మేమే కారణమని మా తాతనే ఒప్పుకున్నట్టనిపిచ్చింది."

ఇది మీకు ఎన్నడూ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. కోపంలో ఒట్టు తప్పాను. పోస్టు చేసేస్తున్నాను, లేకపోతే చింపేస్తాను.

జశ్వంత్


కోర్బా
నవంబరు

తాతగారికి,

మీ దగ్గర నుంచి జవాబు లేదు. నేను రాసిన సంగతి దీపకు చెప్పాను. కొన్ని రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత వాళ్ల నాన్నకు ఫోను చేస్తే ఆయన అన్నారట: "తాత మందిరానికి పోతలేడు బిడ్డా. అన్నం తింటడు, గుమ్మంల కూసుంటడు. ఏందని అడిగితె చెవి చూపిస్తడు." వెంటనే ఊరికి బయలుదేరింది.

మేం పెద్దపల్లిలో రిజిస్టరు పెళ్లికి నోటీసు ఇచ్చాం. డిసెంబరులోనే. సాక్షులు ముగ్గురు కావాలి. వీరేందర్ గారు ఉన్నారు, మా నాన్న ఉన్నాడు. మూడోవారి కోసం స్నేహితులు చాలామంది ఉన్నారు. దీప వాళ్లెవరి పేరూ రాయనివ్వడం లేదు. మిమ్మల్ని అడగదు కూడా. అందుకని నేను అడుగుతున్నాను.

రాకపోతే అర్థం చేసుకుంటాను.

జశ్వంత్


గోదావరిఖని
డిసెంబరు

జశ్వంత్‌కు,

నువ్వు అర్థం చేసుకోవడం నాకు అక్కర లేదు.

నీ సెప్టెంబరు ఉత్తరం చదివాను. కడుపులో ఉన్న విషమంతా ఒక్క కాగితం మీద కక్కావు. కక్కడంలోనే నీ చేతి నుంచి మొదటిసారి నిజం వచ్చింది. మొదటి కాగితంలో తాతగారూ ఆశీస్సులూ అని రాసినప్పటి కంటే ఇది నయం. నయం అన్నాను, మంచిది అనలేదు.

దీప వచ్చింది. నా ఎదురుగా పీట వేసి కూర్చోబెట్టాను.

"గా మాటకు నేను ఆమేన్ అన్ననా?"

"అన్నవు తాతా."

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు అవ్వ పెట్టె మీద చెయ్యి పెట్టుకొని ఉన్నవు. ఎట్ల చెప్పాలె నీకు?"

"ఇగ నువ్వు నమ్ముతలేవా?"

నాకు తెలియాలని పెదవులు బాగా తెరిచి, మెల్లగా అంది: "లేదు తాతా."

నేను ఆమెను తిట్టలేదు, దీవించలేదు. అన్నం పెట్టమన్నాను. పెట్టింది. పచ్చిపులుసులో ఉప్పు వేయడం మరిచింది. ఇద్దరం అట్లనే తిన్నాం.

తెల్లారి ఆదివారం. ఆరాధన అయిపోయినంక అందరి ముంగటా పాస్టరును నిలబెట్టి అడిగాను. "సారవ్వ పెట్టె ముంగట నువ్వన్న మాట మళ్ల అను. నా మొహం చూసుకుంట అను."

"పాత ముచ్చట ఎందుకన్నా ఇప్పుడు?"

"నువ్వు అన్నవు, నేను ఆమేన్ అన్న. దేనికి అన్ననో నాకు తెల్వాలె గదా."

"నేను ఆ ఉద్దేశంతో అనలేదన్నా."

"ఉద్దేశం అడగలే. మాట అడిగిన. అను."

అనలేదు. అందరి ముందూ తల వంచుకున్నాడు. అతను దుర్మార్గుడేమీ కాదు. సారవ్వ లేస్తుందని ముందే చెప్పి పెట్టుకున్నాడు, లేవకపోయేసరికి నిందను మా ఇంట్లో దించాడు. సారవ్వ విశ్వాసం తక్కువైంది అనే మనిషి మళ్లీ పుట్టాలి. ఆమె చివరి దినం నా అరచెయ్యి తీసుకుని తన నుదుటి మీద పెట్టుకుంది. నోట మాట లేదు అప్పటికే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నీకెందుకు రాస్తున్నానో నాకు తెలియదు. దీన్ని కూడా ఎత్తుకుపోకు.

ఆ పూటే సంఘ పెద్ద కుర్చీ వదిలేశాను. నీ కోసం వదిలానని ఊరంతా చెప్పుకుంటున్నారు. నువ్వు కూడా అట్లా అనుకుని పొంగిపోకు. వినపడనివాడు సాక్ష్యాలు వినే కుర్చీలో కూర్చోవద్దు, అంతే. మందిరం మానలేదు. మీరందరూ మానిపిద్దామని చూసినా మానను. ఇప్పుడు వెనక, చెప్పులు విడిచే చోట చాప మీద కూర్చుంటున్నాను. ఎవరు ప్రార్థన చేసినా పక్కవాణ్ణి గిచ్చి "ఏమన్నడు?" అని అడుగుతాను. వాడు ఇటు తిరిగి చెప్పాలి. చెప్పినంకనే ఆమేన్ అంటాను. నచ్చకపోతే అనను. అప్పటికి అందరిదీ అయిపోయి ఉంటుంది, నాది ఒక్కటే వినపడుతుందట. పిల్లలు నవ్వుతున్నారు. నవ్వనీ.

ఇక నీ పెండ్లి సంగతి. దేవుడు లేకుండా ఆఫీసులో చేసే లగ్గం నా దృష్టిలో లగ్గం కాదు. ఆ మాట ఆఫీసుకు వచ్చి కూడా అంటాను. నువ్వు నాకు జూన్‌లో నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు. కానీ అక్కడి సాక్షుల కాగితం నన్ను అడిగేది దేవుని గురించి కాదని వీరేందర్ చదివి చెప్పాడు. ఈ పిల్లగాడు, ఈ పిల్ల, ఇద్దరూ ఇష్టపడి ఒప్పుకుంటుంటే చూశాను అని సంతకం పెట్టాలట. నీ నోటా, దాని నోటా ఆ మాట వచ్చేటప్పుడు నాకు ఎదురుగా నిలబడండి. చూస్తే పెడతాను. చూడకపోతే పెట్టను. ఇక మీదట నేను చూడనిదానికి, విననిదానికి ఔననను.

వీరేందర్ బండి మీద రాను, బస్సులో వస్తాను. నాకు పూలదండ గీలదండ వేయొద్దు. మీ నాన్న నా పక్కన నిలబడితే నిలబడనీ. కొబ్బరికాయ మాత్రం తేవొద్దని చెప్పు.

సంతకం అయిపోయినంక నేను అక్కడే నిలబడి ప్రార్థన చేస్తాను. నిన్ను అడగడం లేదు, చెబుతున్నాను. చెవులు లేనివాణ్ణి, నా గొంతు ఎంత లేస్తుందో నాకు తెల్వదు. ఆఫీసరు పొమ్మంటే బయట మెట్ల మీద చేస్తాను. దీప ఊరికే నిలబడితే నిలబడనీ, దాన్ని ఏమీ అనకు.

నువ్వు మాత్రం మర్యాద కోసం ఆమేన్ అనకు. ముసలోనికి వినపడదులే అనుకోకు. నీ పెదవులే చూస్తుంటాను.

సదయ్య